చలికాలంలో కోళ్ల గూటికి కాంక్రీటు గచ్చు వెయ్యాలంటే

పొద్దున్నే కోళ్ల గూడు తలుపు తీసేసరికి గోడ వారగా పిడికెడు కొత్త మట్టి కుప్ప పోసి ఉంటుంది. దాని పక్కనే రెండు వేళ్లు పట్టేంత కన్నం. మేత తొట్టి కింద రాత్రి మిగిలిన గింజలు ఒక్కటీ ఉండవు. కోళ్లు పెంచేవాళ్లకి దీని గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. బయట తిండి కరువయ్యే చలికాలంలోనే ఎలుకలు గూళ్ల వైపు తిరుగుతాయి. అందుకే "ఇక లాభం లేదు, కింద కాంక్రీటు వేసేద్దాం" అన్న ఆలోచన కూడా సరిగ్గా అప్పుడే వస్తుంది. కాంక్రీటుకి ఏ రోజులు పడవో ఆ రోజుల్లోనే మనకి దానితో పని పడుతుందన్నమాట.

రాత్రిళ్లు ఉష్ణోగ్రత సున్నాకీ, ఇంకా కిందకీ పడిపోయే చోట సొంతంగా గచ్చు వేసుకుందామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చలిలో కాంక్రీటు వెయ్యొచ్చు. కాకపోతే రెండు ప్రశ్నలకి ముందు జవాబు తేలాలి. కింద నేల గడ్డకట్టి ఉందా? పోసిన తర్వాత మొదటి మూడు రాత్రులూ దాన్ని వెచ్చగా ఉంచగలమా? ఈ రెండింట్లో ఏ ఒక్కదాని దగ్గర అనుమానం ఉన్నా పోత పని ఆపేసి, చలికాలాన్ని కొలతలకీ సామాను సమకూర్చుకోవడానికీ వాడుకోవాలి.

కాంక్రీటు ఆరదు, పండుతుంది

"కాంక్రీటు ఆరిందా?" అని అడుగుతాం. మాట అలవాటైపోయింది గానీ చలికాలపు తప్పులు చాలావరకు ఆ మాట దగ్గరే మొదలవుతాయి. తడి బట్ట ఆరినట్టు కాంక్రీటు ఆరదు. సిమెంటూ నీళ్లూ కలిసి రసాయనిక చర్య జరుగుతుంది. కంటికి కనిపించనంత సన్నటి స్ఫటికాలు పుట్టి, ఇసుకనీ కంకరనీ అల్లుకుపోతాయి. నీళ్లు ఎగిరిపోతే అది గట్టిపడదు, ఆ నీళ్లు లోపలే ఖర్చయితే గట్టిపడుతుంది. నీటి అడుగున పోసిన కాంక్రీటు కూడా బిగుసుకుంటుందంటే కారణం ఇదే.

ఈ చర్యకి వేడి కావాలి. జరిగేటప్పుడు కొంత వేడిని తనే పుట్టిస్తుంది కూడా. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే దాని వేగం దాదాపు సగానికి పడిపోతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 6 గంటల్లో బిగిసే కాంక్రీటు, 10 డిగ్రీల దగ్గర 11 గంటలు, 4 డిగ్రీల దగ్గర 14 గంటలు తీసుకుంటుంది. పెద్ద ఆనకట్టల్లో అయితే కాంక్రీటు తన వేడికి తనే కాగిపోతుంది, అక్కడ దాన్ని చల్లబరచడమే పెద్ద పని. నాలుగంగుళాల గచ్చుకి ఆ వేడి నిలవదు. పైన గాలి, కింద నేల రెండూ కలిసి లాగేస్తాయి.

ఆలస్యం ఒక్కటే అయితే ఓపిక పట్టొచ్చు. అసలు ప్రమాదం గడ్డకట్టడం. నీళ్లు మంచుగా మారినప్పుడు వాటి ఘనపరిమాణం 9 శాతం దాకా పెరుగుతుంది. అప్పుడప్పుడే అల్లుకుంటున్న ఆ స్ఫటికాల మధ్య ఉన్న నీళ్లు ఉబ్బితే అల్లిక తెగిపోతుంది. తర్వాత ఎంత ఎండ కాసినా, ఎన్ని వారాలు ఆగినా తెగింది మళ్లీ పూర్తిగా అతుక్కోదు. బలంలో సగం దాకా పోవచ్చు. అయితే కాంక్రీటు చదరపు సెంటీమీటరుకి 35 కిలోల భారం మోసే స్థాయికి వచ్చేసిందంటే, లోపల వదులుగా ఉన్న నీళ్లు అప్పటికే చాలావరకు ఖర్చయిపోయి ఉంటాయి కాబట్టి, ఒకసారి గడ్డకట్టినా తట్టుకుంటుంది. 10 డిగ్రీల దగ్గర ఉంచగలిగితే ఆ స్థాయికి రావడానికి ఒకటి రెండు రోజులు చాలు. చలికాలపు కాంక్రీటు పనంతా ఆ ఒకటి రెండు రోజులు సంపాదించుకోవడం కోసమే. మూడో రాత్రి కూడా కాపలా కాయమనేది మన లెక్క కొంచెం తప్పినా ఇబ్బంది రాకుండా ఉండటానికి.

ఇక్కడ మోసపోయే చోటొకటి ఉంది. గడ్డకట్టిన కాంక్రీటు చూడ్డానికి గట్టిపడిన కాంక్రీటులాగే ఉంటుంది. కాలితో తడితే టకటకమంటుంది. పొద్దున్నే చూసి "భలే బిగిసింది" అనుకుంటాం. మధ్యాహ్నానికి ఎండ తగిలి మంచు కరిగాక మళ్లీ మెత్తబడుతుంది. అనుమానం వస్తే ఒక మూల మీద కాస్త గోరువెచ్చని నీళ్లు పోసి, ఒక నిమిషం ఆగి మేకుతో గీయండి. సన్నటి తెల్లటి గీత పడితే పరవాలేదు. మేకు లోపలికి దిగి తడి ఇసుక పైకి లేస్తే అది గట్టిపడలేదు, గడ్డకట్టింది. పైభాగం మీద పక్షి అడుగుల్లా, ఈకల్లా గీతలు అచ్చుపడి కనిపించినా అది మంచు స్ఫటికాల గుర్తే.

కింద నేల ఏమంటోంది

చాలామంది గాలి ఉష్ణోగ్రత చూసుకుంటారు గానీ నేల సంగతి మర్చిపోతారు. రెండు రోజులు ఎండ కాసి మధ్యాహ్నం 12 డిగ్రీలు వచ్చినా, అంతకుముందు రెండు వారాలు గడ్డకట్టిన నేల ఆ రెండు రోజుల్లో తేరుకోదు. పైన రెండంగుళాలు బురదగా మారి, కింద రాయిలా ఉంటుంది. గునపం వేసి చూడండి. మామూలు నేలలో అది దిగబడి ఆగుతుంది. గడ్డకట్టిన నేలలో ఖంగుమని మోగి, చేతులకి అదురు వస్తుంది. నాలుగు మూలలా, మధ్యలోనూ వేసి చూడాలి. నీడ పడే మూల ఎప్పుడూ మిగతావాటికన్నా ఆలస్యంగా కరుగుతుంది.

గడ్డకట్టిన నేల మీద కాంక్రీటు పోయకూడదు. ఈ ఒక్క విషయంలో బేరాలు లేవు. మొదటి కారణం, అది కాంక్రీటు అడుగు పొరని పోసిన కాసేపటికే చల్లార్చేస్తుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పినా ఉపయోగం ఉండదు. రెండోది ఇంకా చెడ్డది. గడ్డకట్టేటప్పుడు ఉబ్బిన నేల ఎండలు వచ్చాక కరిగి దిగిపోతుంది, అన్ని చోట్లా ఒకేలా దిగదు కూడా. గచ్చు కింద అక్కడక్కడా ఖాళీలు ఏర్పడి, మూల విరుగుతుంది.

నేల ఎందుకు ఉబ్బుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. గచ్చు ఎన్నేళ్లు ఉంటుందన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. మట్టిలో ఉన్న తేమ ఉన్నచోటే గడ్డకడితే వచ్చే ఉబ్బు కొంచెమే. కానీ పైన మంచు పొర ఏర్పడగానే అది కింది మట్టిలోంచి నీళ్లని దీపపు వత్తి నూనె పీల్చినట్టు పైకి లాక్కుంటుంది. అలా లాక్కున్న నీళ్లు పొరలు పొరలుగా గడ్డకట్టి, పైనున్నదాన్ని ఎత్తేస్తాయి. దీనికి మూడు కలిసి రావాలి: చలి, నీళ్లు, ఆ నీళ్లని పైకి లాగగలిగే సన్నటి ఒండ్రులాంటి మట్టి. చలి మన చేతిలో లేదు. మిగతా రెండూ ఉన్నాయి. గచ్చు కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల కంకర పరిస్తే, కంకర మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి నీళ్లు వాటిలోంచి పైకి ఎక్కలేవు, కిందకి జారిపోతాయి. ఆ కంకర పరుపు చుట్టుపక్కల నేల కన్నా పల్లంలో ఉంటే మాత్రం అది నీళ్లు నిలిచే తొట్టి అవుతుంది. అందుకే గచ్చు పైమట్టం చుట్టూ ఉన్న నేల కన్నా నాలుగు నుంచి ఆరు అంగుళాలు ఎత్తులో ఉండాలంటాను. కంకరలో దుమ్ము, మట్టి కలిసి ఉంటే అది చెయ్యాల్సిన పని చెయ్యదు, కడిగిన కంకర తెచ్చుకోండి. పరిచాక దిమ్మిసతో కొట్టి కుదించాలి, వదులుగా వదిలేస్తే గచ్చు వేశాక అదే కుదురుకుంటుంది.

చలికాలంలోనే వెయ్యాలని గట్టిగా అనుకుంటే, ఇంకా చలి ముదరకముందే కంకర పరిచేసి, దాని మీద మందంగా ఎండుగడ్డి, ఆపైన టార్పాలిన్ కప్పి ఉంచండి. అలా కప్పిన నేల తొందరగా గడ్డకట్టదు. గూడు కప్పు అప్పటికే ఉంటే ఇంకా మేలు.

కొలతలు, లెక్కలు

పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న గూడు అనుకుందాం. ఒక్కో కోడికి నాలుగు చదరపు అడుగుల లెక్కన ఇరవై కోళ్లకి సరిపోతుంది. నాలుగంగుళాల మందం వేస్తే సుమారు 27 ఘనపుటడుగులు, అంటే ముప్పావు ఘనమీటరు కాంక్రీటు. వినడానికి చిన్నదే. తూకంలో అది 1,800 కిలోలు. ఒకటి, రెండు, మూడు పాళ్లలో సిమెంటు, ఇసుక, కంకర కలిపితే 50 కిలోల సిమెంటు బస్తాలు ఆరు, ఇసుక 15 ఘనపుటడుగులు, కంకర 22 ఘనపుటడుగులు కావాలి. నీళ్లు పోస్తే చాలనే 25 కిలోల రెడీ బస్తాలైతే 60 నుంచి 65 దాకా పడతాయి.

ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, చలికాలంలో పగలు చిన్నది. చిన్న మిక్సరులో సగం బస్తా చొప్పున కలిపితే 12 విడతలు. విడతకి పావుగంట వేసుకున్నా మూడు గంటలు, ఇద్దరు మనుషులు ఉంటేనే. ఆ తర్వాత నునుపు చెయ్యడానికి కాంక్రీటు బిగుసుకునేదాకా ఆగాలి, చలిలో అది గంటల తరబడి ఆలస్యం అవుతుంది. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే చివరి తాపీ పని చీకట్లో దీపం పెట్టుకుని చెయ్యాల్సి రావచ్చు. ఒంటరిగా చేసేవాళ్లు గచ్చుని మధ్యలో చెక్క అడ్డం పెట్టి రెండు భాగాలుగా, రెండు రోజుల్లో పోసుకోవడంలో తప్పేమీ లేదు. ఆ అతుకు ఎలాగూ పగులు రావడానికి అనువైన చోటే అవుతుంది. పగులు మనం గీసిన గీత మీదే వస్తే మంచిదే.

గచ్చు గూడు గోడల కన్నా బయటికి పొడుచుకు రాకూడదు. నాలుగు వేళ్లు బయటికి ఉంటే అందంగా ఉంటుందని వదులుతారు, కప్పు మీంచి జారిన నీళ్లు ఆ అంచు మీద పడి గోడ కిందనుంచి లోపలికి వస్తాయి. గోడ చెక్కలే గచ్చు అంచు కన్నా ఒక అంగుళం కిందకి దిగేలా చూసుకోవాలి. లోపల తలుపు వైపుకి వాటం ఇవ్వాలి, మీటరుకి ఒక సెంటీమీటరు చాలు. రెండు దాటితే కోళ్ల కింద పరిచే పొట్టు అంతా తలుపు దగ్గరికి జారుతూ ఉంటుంది.

ఎలుకల సంగతికి వస్తే, పైనుంచి లోపలికి రాకుండా కాంక్రీటు ఆపుతుంది, నిజమే. కానీ గచ్చు కింద వెచ్చగా, పొడిగా ఉండే చోటంటే ఎలుకలకి చాలా ఇష్టం. అంచు కింద తవ్వుకుని అక్కడే కాపురం పెడతాయి. తవ్విన కొద్దీ గచ్చుకి ఆధారం పోతుంది. దీనికి అంచుల్ని అడుగు లోతు దింపి మందంగా పోసే పద్ధతి ఒకటుంది. పైన చెప్పిన కొలతకి అలా చేస్తే కాంక్రీటు సగానికి పైగా పెరుగుతుంది. సొంతంగా కలిపి పోసుకునేవాళ్లకి నేను ఇంకో దారి చెప్తాను. అరంగుళం లేదా అంతకన్నా చిన్న కళ్లున్న గట్టి జింకు పూత జాలీని గోడ అడుగున బిగించి, అక్కణ్ణుంచి బయటికి ఒకటిన్నర అడుగుల మేర నేల మీద పరిచి, పైన మట్టి కప్పెయ్యడం. ఎలుక, నక్క, ఏదైనా సరే గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి అక్కణ్ణుంచి తవ్వాలన్న ఆలోచన వాటికి సాధారణంగా రాదు.

కంకర మీద, కాంక్రీటు కింద మందమైన పాలిథిన్ పట్టా వెయ్యడం మర్చిపోవద్దు. అది లేకపోతే నేలలోని తేమ కాంక్రీటులోంచి పైకి వచ్చి పొట్టుని తడుపుతూనే ఉంటుంది. కోళ్ల గూట్లో తడి పొట్టంటే అమ్మోనియా వాసన, కోళ్లకి కళ్లమంట, ఊపిరి జబ్బులు. పట్టా అతుకులు ఒక అడుగు మేర ఒకదాని మీద ఒకటి ఉండాలి. ఇనుప మెష్ వేస్తే అది పగుళ్లు రాకుండా ఆపదు, వచ్చిన పగులు విడిపోకుండా పట్టుకుంటుంది. అడుగున పడుకోబెట్టకుండా కాంక్రీటు మందం మధ్యలోకి వచ్చేలా రాళ్ల మీద ఎత్తి పెట్టాలి. గోడ కింద చెక్కని బిగించే బోల్టులు కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే నిలబెట్టుకోవాలి. తలుపు ఎక్కడ వస్తుందో ముందే గుర్తు పెట్టుకోండి, గుమ్మం మధ్యలో బోల్టు లేస్తే తర్వాత కోసెయ్యడమే గతి.

పోసే రోజు

కాంక్రీటు చల్లారకుండా పోయాలంటే వేడి నీళ్లని మించిన సాధనం లేదు. బరువుకి బరువు తూస్తే, నీళ్లు ఇసుక, కంకర, సిమెంటుల కన్నా నాలుగైదు రెట్లు వేడిని పట్టి ఉంచుతాయి. ఇసుక, కంకర, సిమెంటు అన్నీ 5 డిగ్రీల దగ్గర ఉన్నా, 60 డిగ్రీల నీళ్లతో కలిపితే కాంక్రీటు 18 డిగ్రీల దగ్గరికి వస్తుంది. ఇసుక తడిగా ఉంటే అంత రాదు, తట్టల్లో మోసుకెళ్లి పోసేలోపు ఇంకొంత పోతుంది, అయినా 13 డిగ్రీల పైన ఉంటే చాలు. అయితే వేడి నీళ్లని సిమెంటు మీద నేరుగా పోయకూడదు. ముందు నీళ్లు, కంకర, ఇసుక తిప్పి, ఆ వేడి సర్దుకున్నాక సిమెంటు వెయ్యాలి. వరస మారిస్తే సిమెంటు అక్కడికక్కడే ఉండలు కడుతుంది.

ఇసుక కుప్పని ముందు రోజు నుంచే కప్పి ఉంచండి. పార వేసి, లోపలి ఇసుక గుప్పెడు తీసి నలిపి చూడండి. పలుకుల్లా చేతికి తగిలి కరిగితే అందులో మంచు ఉన్నట్టే. కిలో మంచు కరగడానికి పట్టే వేడితో కిలో నీళ్లని 80 డిగ్రీల దాకా కాచవచ్చు. వేడి నీళ్లు తెచ్చిన లాభమంతా ఆ మంచు పలుకులు తినేస్తాయి. కరగని మంచు ముద్ద గచ్చులో ఉండిపోతే తర్వాత అక్కడ గుంట పడుతుంది.

నీళ్లు తక్కువ వాడమని ఎవరైనా చెప్తారు, చలిలో అది రెండింతలు నిజం. 50 కిలోల బస్తాకి ఇసుకలో ఉన్న తడితో కలిపి 25 లీటర్లు మించొద్దు. జారుడుగా ఉంటే పని సులువే, కానీ చల్లటి గాలిలో ఆ అదనపు నీళ్లు ఎగిరిపోవు. బరువైన కంకర, ఇసుక కిందకి దిగేకొద్దీ అవి పైకి తేలి, గచ్చు మీద సన్నటి మెరుపు పొరలా గంటల తరబడి నిలబడతాయి. మొదటిసారి వేసినప్పుడు నేను ఇక్కడే తప్పు చేశాను. చీకటి పడిపోతోంది, నీళ్లేమో తగ్గడం లేదు. టెన్షన్‌లో పైన పొడి సిమెంటు చల్లి, ఆ నీళ్లతోనే కలిపి తాపీతో రుద్ది నునుపు చేసేశాను. ఆ రాత్రికి అద్దంలా ఉంది. ఎండలు వచ్చాక పొట్టు మార్చడానికి పారతో గీకితే, పైపొర అప్పడంలా పలకలు పలకలుగా లేచొచ్చింది. కింద మంచి కాంక్రీటే ఉంది, పైన పావు అంగుళం మాత్రం నీళ్లు ఎక్కువైన పల్చటి పేస్టు. ఆ నీళ్లని పాత దుప్పటి ముక్క ఒకటి పరిచి లాగేస్తే సరిపోయేది. పూర్తిగా తగ్గాక, కాలు పెడితే పావు అంగుళానికి మించి దిగనప్పుడు చెక్క తాపీతో రుద్దాలి. అయినా కోళ్ల గూటికి అద్దం నునుపు అక్కర్లేదు. చెక్క తాపీ గరుకు ఉంటే కోళ్లకి కాలు నిలుస్తుంది, పారకీ అడ్డు పడదు.

త్వరగా బిగిసేలా చేసే రసాయనాలు దొరుకుతాయి. వాటిలో చవకైనది కాల్షియం క్లోరైడ్. సిమెంటు బరువులో 2 శాతం దాటకూడదు, ఇనుప మెష్ వేసిన గచ్చులో అసలే వాడకూడదు, ఇనుము తుప్పు పట్టిపోతుంది. మెష్ ఉంటే క్లోరైడ్ లేని రకం తీసుకోవాలి. ఏదైనా సరే, అది చర్యని వేగం చేస్తుందే తప్ప గడ్డకట్టకుండా ఆపదు. దుప్పట్లకి బదులు ఇది సరిపోతుందనుకుంటే దెబ్బ తింటాం.

చేతులకి రబ్బరు తొడుగులు, కాళ్లకి బూట్లు, మోకాళ్ల కింద చెక్క పలక తప్పనిసరి. పచ్చి సిమెంటు ఘాటైన క్షారం. ప్యాంటు తడిసి మోకాలికి అంటుకుంటే మొదట ఏమీ తెలియదు, చలికి తిమ్మిరెక్కిన చర్మానికి అసలే తెలియదు. రాత్రికి బొబ్బలు వస్తాయి.

మూడు రాత్రులు

పైభాగం గీత పడకుండా బిగిసిన వెంటనే పాలిథిన్ పట్టా పరిచి, దాని మీద అరడుగు మందాన పొడి ఎండుగడ్డి, ఆపైన టార్పాలిన్ వేసి, అంచుల మీద రాళ్లు పెట్టండి. గడ్డి తడిస్తే వెచ్చదనం పోతుంది, అందుకే కిందా పైనా రెండు పట్టాలు. అంచులు, మూలలు రెండు వైపుల నుంచి చలికి దొరుకుతాయి కాబట్టి అక్కడ రెట్టింపు కప్పాలి, చెక్క సెంట్రింగుని కూడా కలిపి కప్పెయ్యాలి. ఒక మామూలు థర్మామీటరుని ఉత్తరం వైపు మూలలో పట్టా కింద ఉంచి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లారగట్ల ఒకసారి చూడండి. 10 డిగ్రీల పైన ఉంటే హాయిగా నిద్రపోవచ్చు. 5 దగ్గరికి వస్తే ఇంకో పొర వెయ్యాల్సిందే.

ఎండాకాలంలో గచ్చుకి నీళ్లు కట్టి తడుపుతాం. గడ్డకట్టే చలిలో ఆ పని చెయ్యకండి. పట్టా కింద ఉన్న తేమే సరిపోతుంది. తడిసి నీళ్లు నిండిన కొత్త గచ్చు గడ్డకడితే పైపొర రాలుతుంది.

గూడు గోడలు అప్పటికే ఉంటే లోపల హీటరు పెడదామనిపిస్తుంది. పొగగొట్టం లేని గ్యాసు, కిరోసిన్ హీటర్లు, బొగ్గుల కుంపటి వద్దు. వాటినుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ పచ్చి కాంక్రీటు పైభాగంలోని సున్నంతో కలిసి, చేత్తో రుద్దితే సుద్దపొడిలా రాలే పొరని తయారు చేస్తుంది. అంతకన్నా ముఖ్యం, మూసిన గదిలో పుట్టే కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చంపుతుంది. కరెంటు హీటరు అయితే పరవాలేదు, దగ్గర్లో గడ్డి లేకుండా చూసుకోవాలి.

నాలుగో రోజున అన్నీ ఒక్కసారి లాగి పారెయ్యకండి. వెచ్చగా ఉన్న గచ్చుకి ఒక్కసారిగా గడ్డకట్టే గాలి తగిలితే పైభాగం ముడుచుకుని పగుళ్లు వస్తాయి. ముందు గడ్డి సగం తియ్యండి, మర్నాడు మిగతాది.

కోళ్లు లోపలికి వెళ్లేది

నడవడానికి గచ్చు వారంలో సిద్ధమైనా, కోళ్లని మూడు వారాల దాకా వదలకపోవడం నా పద్ధతి. కొత్త కాంక్రీటు పైభాగానికి క్షారం ఘాటు ఉంటుంది, కోడి కాళ్లకి అది మంచిది కాదు. గడ్డకట్టని రోజు చూసుకుని ఒకసారి కడిగి, బాగా ఆరనిచ్చి, ఆ తర్వాత పొట్టు పరవాలి.

"కాంక్రీటు చల్లగా ఉంటుంది, కోళ్లు వణికిపోవా?" అని అడుగుతారు. కోళ్లు రాత్రి నేల మీద పడుకోవు, అడ్డకర్ర ఎక్కి, ఈకలు ఉబ్బించి, కాళ్లు పొట్ట కింద పెట్టుకుని కూర్చుంటాయి. పగలు నేల మీద తిరిగేటప్పుడు నాలుగు నుంచి ఆరు అంగుళాల పొట్టు వాటికీ గచ్చుకీ మధ్య ఉంటుంది. నాకు చలి కన్నా గట్టిదనం గురించే ఎక్కువ దిగులు. ఎత్తైన కర్ర మీంచి పల్చటి పొట్టున్న కాంక్రీటు మీదకి రోజూ దూకే బరువైన కోడికి అరికాలు ఒరుసుకుపోయి, ఆ గాయంలోకి సూక్ష్మజీవులు చేరి, పాదం ఉండలా వాచి చీము పడుతుంది. అలా ఒక్కసారి వచ్చిందంటే వారాల తరబడి కట్లు కట్టాలి. పొట్టు మందంగా ఉంచండి, కర్ర ఎత్తు తగ్గించండి లేదా దిగడానికి ఒక మెట్టు పెట్టండి. గుమ్మం దగ్గర మంచుకి కాలు జారుతోందని ఉప్పు మాత్రం చల్లొద్దు. కొత్త కాంక్రీటుకి అది చెరుపు, కోళ్లు ఏరుకు తింటే వాటికి విషం. ఇసుక చల్లండి.

వెయ్యలేని చలి అయితే

గునపం ఖంగుమంది, వారమంతా రాత్రిళ్లు సున్నా కిందే ఉంటాయంటున్నారు. అప్పుడు ఎలుకల్ని ఏం చెయ్యాలి? నేల మీద మొత్తం ఆ చిన్న కళ్ల జాలీ పరిచి, అంచులు గోడకి నాలుగంగుళాలు పైకి మడిచి బిగించి, పైన అరడుగు పొట్టు వేస్తే ఈ చలికాలం గడుస్తుంది. తీగ మొనలు బయటికి కనిపించకుండా మడవండి, కోళ్లు గీరుకునేటప్పుడు కాళ్లకి గుచ్చుకుంటాయి. రాత్రిపూట మేత గూట్లో ఉంచకుండా మూత ఉన్న డబ్బాలోకి తీసెయ్యండి, సగం ఎలుకలు దానికే తగ్గుతాయి.

ఎక్కడో బిగిసి, గట్టిపడి వచ్చిన సిమెంటు పలకలు పరుచుకోవడం ఇంకో మార్గం. వాటికి చలి రాత్రుల భయం లేదు. నేల గడ్డకట్టని వారం ఒకటి దొరికితే చాలు, కంకర, దాని మీద అంగుళం ఇసుక వేసి, రసమట్టం చూసుకుంటూ పేర్చుకోవచ్చు. సందుల్లో చిన్న కంకర పొడి గట్టిగా కూరాలి, పలకల కింద జాలీ ఉంటే ఎలుకకి దారి ఉండదు. చిన్న గూళ్లకి నేను కాంక్రీటు కన్నా దీన్నే ముందు చూడమంటాను, గూడు జాగా మార్చాలనుకుంటే పలకలు ఎత్తుకుని పోవచ్చు.

గచ్చే కావాలనుకున్నవాళ్లు ఈలోగా ఒక పని చెయ్యండి. మంచు కరిగే రోజున, పెద్ద వాన పడిన రోజున వెళ్లి, గూడు చుట్టూ నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎటు పారుతున్నాయో చూసి అక్కడ ఒక పుల్ల పాతండి. రెండు మూడుసార్లు పాతేసరికి కంకర ఎంత ఎత్తు పొయ్యాలో, వాటం ఎటు ఇవ్వాలో, తలుపు ఏ వైపు ఉండకూడదో ఆ పుల్లలే చెప్తాయి. అవి నేల ఎండిపోయాక కనిపించే విషయాలు కావు.